అధ్యక్షుడి కంచె

"ముందు ఆ కంచె కత్తిరించు!" అంటూ ఎక్‌హార్ట్ నా స్టూడియోలోకి దూసుకొచ్చాడు. లైప్‌జిగ్‌లో మా తోటల సంఘానికి ఆయనే అధ్యక్షుడు.

నేను వేసిన బొమ్మలో ఆయన తన తోటలో నిలబడి ఉన్నాడు. వెనక మొక్కల కంచె ఆయన భుజాలదాకా ఉంది. పచ్చదనం బాగుంటుందని నేనే పెంచాను.

"ముఖం కుదరలేదాండీ?"

"నా ముఖం ఎవడిక్కావాలమ్మా! కంచె నడుము దాటకూడదని అందరి ప్రాణాలూ తోడేసేవాణ్ణి నేను. వచ్చేవారం నీ ప్రదర్శనకి సంఘమంతా వస్తుంది. నా పరువేం కావాలి?"

"ఇది బొమ్మండీ బాబూ!"

"బొమ్మయితే మాత్రం? రూలు రూలే."

పెద్దాయనతో వాదించలేక కుంచె తీసుకుని కంచెను నడుముదాకా తగ్గించాను. దాంతో ఆయన వెనక అంతా బోసిగా మిగిలింది.

"ఇప్పుడిక్కడేం వెయ్యను? చెట్టా?"

"చెట్టెందుకు? పక్క తోటలో జీగ్లిండె ఉంటుందిగా! సాయంత్రంపూట మొక్కలకి నీళ్లు పోస్తుంటుంది. నీలం టోపీ. కాస్త ఎడమకి వాల్చి పెట్టుకుంటుంది. కూనిరాగం తీసేటప్పుడు తల ఇలా..." తల ఊపబోయి ఆగిపోయాడు.

నా కుంచె కూడా ఆగింది.

"ఎక్‌హార్ట్ గారూ, ఈ నడుమెత్తు రూలు మీరు పెట్టింది ఆవిడ పక్క తోటకి రాకముందా, వచ్చాకా?"

"మొక్కలకి గాలి తగలాలని పెట్టాను" అన్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

నేను కుంచెను నీలం రంగులో ముంచాను.

"అంత ముదురు కాదు" అన్నాడాయన మెల్లగా. "లేత నీలం."