అద్దం దిగే గేర్

"గేర్ మార్చినప్పుడల్లా బండి జరసేపు ఆలోచిస్తది. అద్దమేమో దానంతటదే దిగుతది. గీసారి బాగుకాకుంటే నీకు పని రాదని ఊరంత చెప్త," అన్నాడు దుబాయి నుంచి కొత్తగా తిరిగొచ్చిన గట్టయ్య, తన పాత పికప్ చూపిస్తూ.

"నడుపుట్లనే తేడా ఉందేమో కాకా," అన్నాడు పెద్దపల్లి మెకానిక్ సదానందం.

"నాకు నేర్పుతవా? ఇరవై ఏండ్లు దుబాయిల నడిపిన. అక్కడ స్టీరింగ్ ఎడమదిక్కు, గేర్ కుడిచేతికి. ఎంత సాఫీగ పడేది!"

గేర్‌బాక్సు రెండుసార్లు విప్పినా లోపం దొరకని సదానందం ఈసారి పక్క సీట్లో కూర్చున్నాడు.

గట్టయ్య క్లచ్ తొక్కాడు. కుడిచెయ్యి తలుపు వైపు పోయి, అద్దం హ్యాండిల్ పట్టుకుని గట్టిగా తిప్పింది. అద్దం సగం దిగింది. ఆ తర్వాతే ఎడమచెయ్యి గేర్‌ను వెతుక్కుంది.

"చూసినవా? మళ్ల దిగింది!"

"బండికేం కాలే కాకా. నువ్వొచ్చినవ్ గనీ, నీ కుడిచెయ్యి ఇంకా దుబాయిలనే ఉన్నది."