నాలుగో చక్రం

"ఇందులో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు!" అంటూ పాలిష్ మేస్త్రి నాలుగో చక్రాన్ని వెలుతురుకు తిప్పాడు.

ఎప్పటిదో పాత కారు. దాని అల్యూమినియం చక్రాలు వచ్చినప్పుడు బొగ్గుల్లా ఉన్నాయి. మూడు రోజులు గరుకు నీటికాగితంతో రుద్ది పాలిష్ పట్టేసరికి అద్దాలయ్యాయి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న ముసలాయన లోపలికొచ్చాడు.

"ఒకసారి చూడనా బాబూ?"

"చూస్తే అరిగిపోతాయా పెద్దాయనా! చేతులు తుడుచుకుని చూడండి."

ఆయన ఒక్కో చక్రాన్నీ బోర్లించి వెనకున్న అంకెలు చదివాడు. సంచిలోంచి చిన్న చెక్క సుత్తి తీసి తట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు.

మూడు చక్రాలు ఖంగుమన్నాయి. నాలుగోది టప్‌మంది.

"ఇందులో పగులుంది."

"పగులా? భూతద్దం పెట్టినా కనబడదే!"

"కనబడదు. మెత్తటి లోహం కదా, పాలిష్ పడుతుంటే పాకి పగులును కప్పేస్తుంది. అక్కడ కాస్త గీకి, కిరోసిన్ రాసి, సుద్దపొడి చల్లితే గీత పైకొస్తుంది."

"మూడు రోజుల మెరుపు గీకెయ్యాలా? మిమ్మల్ని పంపింది ఎదురు షాపువాడేనా?"

"దీన్ని మాత్రం బిగించకు బాబూ."

"గంటలో కారాయన వస్తాడు. రేపు పిల్లల్నేసుకుని కొండ మీదికి వెళ్తున్నాడట. బిగించక నెత్తిన పెట్టుకోనా?"

పిల్లలనగానే ముసలాయన పక్కనున్న సమ్మెట అందుకున్నాడు. చక్రం అంచు మీద బలంకొద్దీ ఒక్కటి వేశాడు.

అంచు సొట్టపోయింది. ఇక దాని మీద టైరు కూర్చోదు.

మేస్త్రి ఆయన్ను లాగి చెంపమీద కొట్టాడు.

ముసలాయన వంగి, కిందపడ్డ కళ్లజోడు తీసుకున్నాడు.

"ఇక దీన్ని బిగించరుగా?"

"ఎలా బిగిస్తాం, నీ మొహం!"

"మంచిది" అన్నాడాయన. బరువు దింపుకున్నవాడిలా నడిచి వెళ్లిపోయాడు.

కారాయన వచ్చి నానా మాటలూ అని, ఆ చక్రం బదులు స్టెప్నీ వేయించుకుపోయాడు.

మర్నాడు అంచు సరిచేద్దామని మేస్త్రి చక్రాన్ని ప్రెస్సులో పెట్టాడు. మీట సగం కూడా తిప్పలేదు, బిస్కట్టులా రెండు ముక్కలైంది.

విరిగినచోట సగానికి పైగా నల్లగా ఉంది. ఏనాటిదో పగులు.

మేస్త్రి ఆ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. ఒక్క తట్టుతో లోహం లోపలికి వెళ్లి రాగల చెవి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

నంబరు వెతికి చక్రాల కంపెనీకి ఫోన్ చేసి, వెనకున్న అంకెలు చదివాడు.

"ఓ, నిన్న పెద్దాయన చెప్పిన చక్రం మీ దగ్గరిదేనా!" అన్నాడు అవతల గుమాస్తా.

"ఎవరండీ ఆ పెద్దాయన? ఎక్కడుంటాడు? కాళ్ల మీద పడాలి."

"మాకూ తెలీదు. ఒకప్పుడు ఇక్కడ తనిఖీ చేసేవాడు. ఆ చక్రంతో పాటు ఒకేసారి పోతపోసిన లాటంతా బాగుందని ముద్ర వేసింది ఆయనే. అందులో ఒకటి రోడ్డు మీద విరిగి ఒక మనిషి పోయాడు. మేం మర్చిపోయాం, ఆయన మర్చిపోలేదు. ఉద్యోగం మానేసి పధ్నాలుగేళ్లుగా మిగతావాటి కోసం ఊరూరా తిరుగుతున్నాడు. దొరికిన ప్రతిసారీ ఫోన్ చేసి జాబితాలో దాని నంబరు కొట్టేయించేవాడు. నిన్న సాయంత్రం చేసి, ఇక చేయనన్నాడు."

"అదేం?"

"లాటులో ఉన్నవి నలభై చక్రాలు, మీది నలభయ్యోది."