ఒక్క మినహాయింపు

ఎస్తేరు కళ్లు మూసుకుని పొద్దుటి ప్రార్థన మొదలుపెట్టిందో లేదో, మంచం మీద నుంచి పోచవ్వ అందుకుంది.

"సూడుండ్రి, సూడుండ్రి! తెల్లారి లేసి మల్ల కునుకు తీస్తుంది. గిట్లాంటి కోడలు ఏడ దొరుకుతది?"

ఎస్తేరు ఒక కన్ను తెరిచింది. "నిద్ర కాదత్తా, దేవునితోని మాట్లాడుతున్న."

"పొద్దుగాల్నే ఆయనకేం పన్లేదా, నీతోని ముచ్చట పెడుతుండు?"

ఆమెన్ అనకుండానే ఎస్తేరు లేచిపోయింది.

పోచవ్వది అలాంటిలాంటి గొంతు కాదు. "కోడలా!" అని ఒక్క కేక వేస్తే, సిద్దిపేటలో ఆ గల్లీ చివర చాయ్ హోటల్లో గ్లాసులు వాటంతటవే కడుక్కునేవి. పచ్చిపులుసు చేస్తే "గిది పులుసా, గోలెంల కుడితా?" అనేది. అంటూనే రెండు గిన్నెలు తాగేది. మూతి తుడుచుకుని గడపలో కూర్చుని, వచ్చేపోయేవాళ్లతో "మూడు దినాలైంది బుక్కెడు బువ్వ పెట్టక" అని చెప్పేది. శుక్రవారం గోడకు పసుపు బొట్టు పెట్టేది. శనివారం ఎస్తేరు తుడిచేది. ఆదివారం వచ్చిందంటే, ఆ ప్రార్థన ఇంట్లో కల్లు సీసా కావాలని మారాం.

మతిమరుపు సరేసరి. ఎస్తేరు మొగుడు కర్ణాకర్‌ను "ఓరి మైసిగా" అని పిలిచేది. అతను తాపీ పని నుంచి వచ్చి, చేతుల సిమెంటు కడుక్కోకముందే "ఆఁ అవ్వా, ఈడనే ఉన్న" అని పలికేవాడు. ఒక్కో పూట "వాకిట్ల యాపచెట్టు ఎవడు నరికిండు?" అని ఇల్లు పీకి పందిరి వేసేది. ఆ వాకిట్లో వేపచెట్టు ఎన్నడూ లేదు.

ఆమె పింఛను కోసం కర్ణాకర్ ఆఫీసుల చుట్టూ తిరిగి రెండు జతల చెప్పులు అరగదీశాడు. పింఛనూ రాలేదు, ఆమెను చూడటానికి ఒక్క చుట్టమూ రాలేదు.

"నిన్ను నేను సూసి తెచ్చుకున్ననా? నా కొడుక్కు నిన్నెవరు అంటగట్టిన్రో!" అని మాత్రం రోజుకొకసారి అనేది.

ఆ ఆదివారం సుధాకర్ పాస్టరుగారు షరతులు లేని ప్రేమ మీద గంటంబావు వాక్యం చెప్పారు. ఆరాధన అయ్యాక ఎస్తేరు ఆయన వెంటపడింది.

"అయ్యగారూ, లోకంల అందర్నీ ప్రేమిస్త. ఒక్క మనిషికి మినహాయింపు ఇయ్యరా?"

"పోచవ్వకా?"

"మీకెట్ల తెలిసింది?"

"మూడేండ్ల నుంచి నీ ప్రార్థన మనవి అదొక్కటే గదమ్మా. నేను గూడ బైబిలంత తిరగేసిన. మినహాయింపు దొరకలే."

"పోనీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి 'మంచిగున్నది బిడ్డా' అనమనుండ్రి. ఆ మాటతోనే ప్రేమిస్త."

"అప్పుడది బేరమైతది బిడ్డా," అని పాస్టరుగారు నవ్వి, స్కూటరు ఎక్కి వెళ్లిపోయారు.

ఇంటికొచ్చేసరికి ఆ బేరం కూడా చెడింది. గురువారం పెళ్లికూతురు కాబోయే పక్కింటి సంధ్య కోసం వారం రోజులు మిషను ముందు కూర్చుని కుట్టిన జరీ జాకెట్టు, చేతులు లేకుండా మంచం మీద పడి ఉంది. పక్కనే కత్తెర పట్టుకుని పోచవ్వ.

"చేతులు పొడుగైనయ్. సరిజేసిన," అంది గర్వంగా.

ఎస్తేరు అరవలేదు. అందుకే కర్ణాకర్‌కు భయమేసింది.

"ఆశ్రమపోళ్లకు ఫోన్ చెయ్యి," అంది. అతను చేశాడు.

సోమవారం పదింటికి వృద్ధాశ్రమం వ్యాను వచ్చింది. అందులోంచి రత్నాకర్ అనే ఆయన కాగితాలు పట్టుకుని దిగాడు. పోచవ్వను ఎక్కించారు. ఎస్తేరు బట్టల మూట పక్కన పెట్టి, కనీసం ఇప్పుడైనా ఒక మంచి మాట వస్తుందేమోనని ఆమె మొహంలోకి చూసింది.

"జల్ది తోలు నాయినా! గీ రాక్షసి పులుసు తాగి తాగి సచ్చేటట్టున్న," అంది పోచవ్వ, సీట్లో సర్దుకుని కూర్చుంటూ.

"అమ్మా, ఈమెకు అలవాట్లేమన్న ఉన్నయా? మా వంటామెకు చెప్తా," అన్నాడు రత్నాకర్.

"అన్నం మెత్తగుండాలె." ఎస్తేరు వేళ్లు మడుస్తూ మొదలుపెట్టింది. "తిట్టుకుంట తింటది, తిట్టనియ్యాలె. తిట్టలేదంటే పానం బాగలేనట్టు. మోకాళ్లకు కొబ్బరినూనె రాయాలె, ఎడమది జర మెల్లగ. పొద్దుగూకంగ 'మైసిగా' అని పిలుస్తది. ఎవరో ఒకరు 'ఆఁ అవ్వా' అని పలకాలె. లేకపోతే ముద్ద ముట్టది."

"ఆడ నలభై మందున్నరమ్మా," అన్నాడు రత్నాకర్, ఉన్నమాటే. "ఎందరికని పలుకుతం?"

ఎస్తేరు వేళ్లు అక్కడే ఆగిపోయాయి.

వ్యానులోకి వంగి మూట తీసి చంకన పెట్టుకుంది. రెండో చేత్తో పోచవ్వను పట్టి కిందికి దించింది.

"మల్ల గీ కొంపకేనా?" పోచవ్వ చేతికర్ర నేలకేసి కొట్టింది. "ఓరి మైసిగా! మోటరెక్కిచ్చి మల్ల దించుతుందిరా నీ పెండ్లాం! గింత మోసమా?"

"ఆఁ అవ్వా," అన్నాడు కర్ణాకర్.

"నడువత్తా. ఇయ్యాల గూడ పచ్చిపులుసే," అంటూ ఎస్తేరు ఆమెను లోపలికి తీసుకుపోయింది.

రత్నాకర్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పదేండ్ల నుంచి గీ పని చేస్తున్న అన్నా. ఎక్కించే కోడండ్లనే చూసిన గని, ఎక్కినామెను దించిన కోడల్ని ఈడనే చూసిన. మీ అమ్మది మంచి నసీబు."

కర్ణాకర్ తల గోక్కున్నాడు.

"మా అమ్మ నా పెండ్లికి ముందే పోయింది సార్, ఈమె మూడేండ్ల కింద యాడికో పోతా పోతా బస్సు దిగి, తోవ తప్పి మా ఇంట్లకొచ్చి 'కోడలా, మంచినీళ్లియ్యి' అన్నది, గంతే."