జమ్ములో బుట్ట

"నైలు నదిలో మన పొయ్యిగడ్డల బుట్టేమిటయ్యా?"

అచ్చుశాల మనిషి బొమ్మను బల్ల మీద పడేసి వెళ్ళాడు. బైబిలులో పసిబిడ్డ మోషేను తల్లి నదిలో వదిలిన బుట్ట, దాన్ని ఎత్తుకునే ఫరో కుమార్తె చేతికి తగినట్టు ఉండాలట.

టీమెన్ కళ్ళు నులుముకున్నాడు. రాగిరేకు మీద అచ్చుబొమ్మలు చెక్కి చెక్కి అవి మండుతున్నాయి.

అతను ఐగుప్తు చూడలేదు. పసిగుడ్డుగా తనను ఆమ్‌స్టర్‌డాం అనాథాశ్రమం గుమ్మంలో వదిలిన బుట్ట ఒక్కటే అతనికి తెలుసు. పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే ఎండిన బురదగడ్డలు మోసే బుట్ట. తెగిన పిడిని ఎవరో గుడ్డపీలికతో ముడివేశారు. ఈ బొమ్మ కోసం అటక మీది నుంచి దాన్నే దించి, ముడితో సహా ఉన్నదున్నట్టు చెక్కి, మళ్ళీ అటకెక్కించాడు.

బైబిలు ప్రతి ఇంటికీ వెళుతుంది. ఆ ముడి వేసిన చెయ్యి ఎప్పటికైనా ఆ పుట తిప్పకపోతుందా?

తలుపు తోసుకుని హిల్లే అవ్వ వచ్చింది. ఈ చలికాలం నుంచే ఆ వీధికి గడ్డలు తెస్తోంది. దండెం మీద ఆరుతున్న అదే బొమ్మ మరో ప్రతి ముందు ఆగిపోయింది.

"ఎవరి బుట్ట నాయనా ఇది?"

"మోషేది."

"ముడి తిరగబడింది. అసలైతే అది ఎడమచేతి ముడి."

"అబ్బో. మోషే తల్లి ముడేస్తుంటే పక్కనే ఉన్నావా అవ్వా?"

ఆమె నవ్వలేదు.

"ఒడ్డున ఎవరూ లేరేం? బుట్ట వదిలినవాళ్ళు వెంటనే పోరు నాయనా. ఎవరైనా ఎత్తుకునేదాకా జమ్ములో నక్కి చూస్తారు."

"చోటు లేదు." ఇవాళ ఈ బుట్టకు వంక పెట్టనివాళ్ళు లేరనుకున్నాడు. "గడ్డలు అక్కడ పెట్టి వెళ్ళు. నాకు ఓపిక లేదు."

ఆమె ఏదో అనబోయింది. అతను అప్పటికే తల వంచేశాడు.

"బుట్ట రేపు తీసుకెళ్తాలే," అంది.

మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. కొన్నాళ్ళకు గడ్డలు తెచ్చే వేరే ఆమె వచ్చింది.

"హిల్లే జ్వరమొచ్చి పోయింది బాబూ. దాని బుట్ట నీ దగ్గరుందట. ఈ వీధి నాకే కావాలని అందరితో పోట్లాడి తెచ్చుకుంది, ఏం సుఖపడదామనో."

టీమెన్ మిగిలిన గడ్డలు కుమ్మరించి హిల్లే బుట్ట అందివ్వబోయాడు.

పిడికి గుడ్డపీలిక ముడి ఉంది.

అటక మీది బుట్టను దించి పక్కన పెట్టాడు. రెండు ముడులూ ఒకేవైపు, ఎడమకు తిరిగాయి. దండెం మీది బొమ్మలో మాత్రం ముడి కుడికి తిరిగింది.

రేకు మీద ఎడమది కాగితం మీద కుడిగా పడుతుంది. తిప్పి చెక్కాలి. అలసటలో మరిచాడు.

"ఇస్తావా బాబూ ఆ బుట్ట?"

"ఇవ్వలేనక్కా," అన్నాడు టీమెన్. "అది మా అమ్మది."