ఎదుటి పక్షం

"అయితే..." అన్నాడు పెద్దాయన.

ఆమె కలం మూసేసింది. ఆ మాట వచ్చిందంటే ఇక పావుగంట హుష్‌కాకి.

యూనివర్సిటీలో చివరి అంతస్తు గది. ప్రాచీన, మధ్యయుగ తత్వశాస్త్రం. రెండేళ్ళ చదువు, రెండేళ్ళవాళ్ళకీ కలిపి ఒకటే క్లాసు. మొదటి ఏడు ఆమె ఒక్కతే. రెండో ఏడు ఆయనొక్కడే, ఏడేళ్ళుగా అందులోనే ఉండిపోయాడు. ఏటా పరీక్ష తప్పుతూనే ఉన్నాడు. బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడట.

"ఒంటిని నడిపేది ఆత్మ అన్నారు కదండీ. అయితే, బ్రేకు ఎవరి కాలి కింద ఉన్నట్టు?"

మాస్టారు పడీపడీ నవ్వారు. "పాతకాలపు వాదాల్లో ఎదుటి పక్షం చెప్పాకే మన పక్షం. ఆయన చెప్పేశాడు. నువ్వేమంటావమ్మా?"

నువ్వేమంటావు. వారమంతా ఆమె ఎదురుచూసేది ఆ ఒక్క మాట కోసమే. అద్దెగదిలో ఆమెను ఎవరూ ఏమీ అడగరు. క్లాసు లేని రోజుల్లో గొంతు, ఎవరూ తీయని గొళ్ళెంలా బిగుసుకుపోయేది. గంటసేపూ మాస్టారు తనతోనే మాట్లాడాలని ఆశ. ఈయన అందులో సగం తినేస్తున్నాడు.

పరీక్షలకు వారం ముందు, మెట్ల మీద ఆయన్ని ఆపింది.

"బాబాయిగారూ, ఒక్క మాట."

"చెప్పమ్మా."

"మీరు పాసైపోకూడదూ?"

ఆయన నవ్వాడు. "తొందరేముంది?"

"నాకుంది. గంటంతా మీ ప్రశ్నలకే సరిపోతోంది. మీకిది కాలక్షేపం. నాకిది తప్ప ఇంకేం లేదు."

ఆయన సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకున్నాడు. "వచ్చే ఏడు ఒక్కదానివే కూర్చుంటావా మరి?"

"ఒంటరిగా ఉండడం నాకు కొత్త కాదు."

"ఒక్కరే ఎక్కినా బస్సు తియ్యాల్సిందే. మా డిపోలో అదీ రూలు," అన్నాడు, ఎందుకో.

"ఇది బస్సు కాదండీ."

"కాదులే." రెండు మెట్లు దిగి ఆగాడు. "అయితే..." అని, తనే తల అడ్డంగా ఊపుకున్నాడు. "ఏం లేదమ్మా. ఇంకెవరో ఒకరు చేరతారులే."

ఊరడింపు అనుకుంది ఆమె.

పరీక్షలో ఆయన మూడు గంటలూ తల ఎత్తలేదు. రెండుసార్లు అదనపు కాగితాలు అడిగి తీసుకున్నాడు. ఆమె తన జవాబుల్లో తానుంది.

రెండు నెలల సెలవుల్లో ఆమె పూర్తి వాక్యం మాట్లాడింది రెండుసార్లు. రెండుసార్లూ ఇంటావిడతో, కారుతున్న కుళాయి గురించి.

తెరిచిన రోజు నాలుగు అంతస్తులూ గబగబా ఎక్కింది. గదికి తాళం.

కిందికి దిగి ఆఫీసు కౌంటరు దగ్గర నిలబడింది. తల నెరిసిన గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"ఆ క్లాసు ఎత్తేశారమ్మా."

"ఎందుకని?"

"పట్టీలో కనీసం ఇద్దరుండాలి. నువ్వొక్కదానివే."

"పోయినేడు నడిచిందిగా."

"పోయినేడు ఆయనున్నాడు. ఏడేళ్ళూ ఆయనే ఉన్నాడు. తెల్లకాగితం ఇచ్చి తప్పడం, మళ్ళీ చేరడం. ఆ రెండో పేరు పోకూడదని. ఏం బుద్ధి పుట్టిందో, ఈసారి రాశాడు. నూటికి తొంభై ఆరు."

ఆమె కౌంటరు అంచు పట్టుకుంది.

"మళ్ళీ చేర్చుకోండి ఆయన్ని."

"అడిగాడు. పాసైనవాళ్ళకి వీల్లేదు. సెలవులంతా డిపోలో కనబడినవాడినల్లా బతిమాలాడట, ఈ క్లాసులో చేరమని. చేరితే జీతం పెరుగుతుందా అని అడిగారట వాళ్ళు. నిన్న గడువు దాటేదాకా అదిగో, ఆ బెంచీ మీదే కూర్చున్నాడు."

ఆమె తిరిగి చూసింది. ఖాళీ బెంచీ.

"అయితే..." అంది. ఆ మాట తన నోట విని తనే ఉలిక్కిపడింది. "ఆయనకెందుకండీ ఇదంతా?"

గుమాస్తా ఫైల్లోంచి ఆమె ఫారం తీశాడు. 'విద్యార్థి ఒక్కరే. తరగతి లేదు' అని రాసి, కాగితాన్ని నెమ్మదిగా ఆమె వైపు తోశాడు.

"ముప్ఫై ఏడేళ్ళ కిందట, నేనీ కుర్చీలో కొత్తగా కూర్చున్నప్పుడు, మొట్టమొదట ఈ ముక్క రాసి వెనక్కి పంపింది ఆయన్నే తల్లీ."