బయటి గడియలు

“ఎవరు ఊడదీయమన్నారండీ వాటిని?”

టీచరమ్మ గొంతు వినగానే ముసలాయన స్క్రూడ్రైవర్ వెనక్కి దాచుకున్నాడు.

ఆయన కాళ్ల దగ్గర పాత కాగితం మీద నాలుగు గడియలు. గది తలుపులకు బయటివైపు ఉన్నవి.

“లోపలివి ఉన్నాయిగా అమ్మా. బయటివి వద్దు.”

“ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని శరణార్థుల శిబిరం నుంచి ఓ కుటుంబం వస్తోంది పాపం. రేపటికల్లా ఇల్లు మెరిసిపోవాలని మేమంతా తంటాలు పడుతుంటే, మీరేంటండీ!”

“బిగించమంటే ఊడదీసే రకం మన తాత!” నిచ్చెన మీంచి పెయింటర్ నవ్వాడు.

మూడు రోజుల క్రితం సాయం చేస్తానంటూ తనంతట తనే వచ్చాడాయన. తిరగని కుళాయిలన్నీ బాగుచేశాడు. మాట తక్కువ. పేరు ఎవరూ అడగలేదు.

“చేసింది చాలు తాతగారూ. రేపు రానక్కర్లేదు.”

ముసలాయన సంచీ సర్దుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగాడు.

“వాళ్లు దిగేటప్పుడు వీధికి అవతల నిలబడొచ్చా అమ్మా?”

“ఎందుకండీ? అసలే కొత్త చోటు. జనాన్ని చూస్తే బెదిరిపోతారు.”

“అదీ నిజమేలే” అంటూ మెట్లు దిగిపోయాడు.

సాయంత్రానికి పెయింటర్ కొత్త ఇత్తడి గడియలు తెచ్చి తలుపుల బయటివైపు బిగించాడు. టీచరమ్మ వాటిని కొంగుతో తుడిచి మురిసిపోయింది.

మర్నాడు తల్లి, ఇద్దరు పిల్లలు వచ్చారు. వెంట వాళ్ల భాష తెలిసిన అమ్మాయి.

కొత్త దుప్పట్లు చూసి పిల్లలు పడకగదిలోకి పరిగెత్తబోయారు. తల్లి ఇద్దరినీ చొక్కా పట్టి వెనక్కి లాగింది.

తలుపు మీది గడియ వంక చూసింది. పిల్లలతో సహా బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చుంది. ఎంత పిలిచినా లేవలేదు.

“ఏమైందమ్మా? ఇల్లు నచ్చలేదా ఆవిడకి?” భాష తెలిసిన అమ్మాయిని అడిగింది టీచరమ్మ.

ఆ అమ్మాయి వెళ్లి మాట్లాడి వచ్చింది.

“శిబిరంలో సాయంత్రమైతే వీళ్లని గదుల్లో ఉంచి బయట గడియ వేయాలని రూలట. ‘ఇక్కడ ఎవరు వేస్తారు?’ అని అడుగుతోందండీ.”

టీచరమ్మ గబగబా తలుపు దగ్గరికి వెళ్లింది. పెయింటర్‌ని కేకేసి, వాడు వచ్చేదాకా ఆగలేక తనే స్క్రూడ్రైవర్ అందుకుంది.

నాలుగో గడియ నేల మీద పడ్డాక ఆ తల్లి లేచి వచ్చింది. తలుపులన్నీ అరచేత్తో తడిమి చూసింది. అప్పుడు పిల్లల్ని వదిలింది.

“నిన్న ఓ పెద్దాయన చెబితే విన్నాను కాదు” అంటూ టీచరమ్మ ఫోనులో ఫొటో చూపించింది. రంగు డబ్బాల వెనక సగమే పడ్డాడాయన. “ఈయనే. ఎక్కడుంటాడో కూడా తెలియదు.”

తల్లి ఫోను రెండు చేతులా పట్టుకుంది. ఏదో అంటూనే కిటికీ దగ్గరికి పరుగెత్తి వీధిలోకి చూసింది.

వీధికి అవతల ఎవరూ లేరు.

“ఏమంది?”

“శిబిరంలో వీళ్ల గదుల వరసకి కాపలాదారు ఈయనేనట” ఆ అమ్మాయి గొంతు తగ్గింది. “పైవాళ్లు పసిగట్టి ఉద్యోగం పీకేసేదాకా, రోజూ గడియ చప్పుడైతే చేసేవాడు గానీ, వేసేవాడు కాదట.”