పంతొమ్మిది ఖాళీ రోజులు

"ఇందులో సొంతానికి తిప్పినవెన్ని?" అన్నాడు ఆడిటరు.

"ఏవి సార్?"

"కిలోమీటర్లయ్యా. నీది టాక్సీయే, కాదనను. కానీ కూరలకి వెళ్ళుంటావు, పెళ్ళిళ్ళకి వెళ్ళుంటావు. ఆ పెట్రోలు కూడా ఖర్చుల్లో రాస్తే పన్ను ఆఫీసువాళ్ళు నా నెత్తినెక్కి కూర్చుంటారు."

"ఏ పెళ్ళికీ పోలేదు సార్," అన్నాడు డ్రైవరు.

ఆడిటరుది జిరాక్సు షాపు పైన ఇరుకు గది. రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదానికి కాలు విరిగితే గోడకి ఆనించారు. డ్రైవరు దాంట్లోనే కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డసంచి. సంచిలో ఏడాది బిల్లులన్నీ ఉన్నాయి. టైర్లవి, ఆయిలువి, ఇన్సూరెన్సువి. కొన్ని బండి అద్దం దగ్గర ఎండకి మాడి తెల్లకాగితాలైపోయాయి. ఆడిటరు ఒకదాన్ని ట్యూబులైటుకి ఎత్తి పట్టుకుని, "దీని మీద ఏముందో నువ్వే చెప్పాలి, నాకు దివ్యదృష్టి లేదు," అని పక్కన పడేశాడు.

నెలాఖరులోగా పన్ను కట్టిన రసీదు చూపించకపోతే టాక్సీ పర్మిట్టు రద్దు. కొత్త పర్మిట్లు ఇవ్వడం మానేసి నాలుగేళ్ళయింది. ఉన్నదాన్ని అమ్మడానికి లేదు, ఇంకొకరి పేరుకి మార్చడానికీ లేదు. అది పోతే బండి పాత ఇనుము కింద లెక్క. ఇంటద్దె, పిల్లల బడి, పొయ్యి మీది గిన్నె, అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే దొర్లుతున్నాయి.

"పుట్టిన తేదీ?"

డ్రైవరు తడుముకోకుండా చెప్పాడు.

ఆడిటరు వేళ్ళ మీద లెక్కేసుకుని, కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "నలభై తొమ్మిదా! నలభై కూడా ఉండవనుకున్నా. ఏం తింటున్నావయ్యా బాబూ?"

"బండిలో ఏసీ ఉంటుంది కద సార్. లోపల సరుకు తొందరగా పాడవదు."

ఆడిటరు పగలబడి నవ్వాడు. డ్రైవరు నవ్వలేదు. కిరాయి ఎంతో చెప్పే గొంతుతోనే ఆ మాటా చెప్పాడు.

"భార్య?"

"ఇంట్లోనే. బట్టలు కుడుతుంది."

"పిల్లలు?"

"ఇద్దరు."

"నీ మీద ఆధారపడ్డవాళ్ళు ముగ్గురు," అంటూ కంప్యూటర్లో కొట్టాడు ఆడిటరు.

"ముగ్గురు," అన్నాడు డ్రైవరు.

ఆడిటరు ట్రిప్పుల పుస్తకం తిరగేస్తూ ఒకచోట ఆగాడు. "ఇదేంటి? వరసగా పంతొమ్మిది రోజులు ఖాళీ. బండి మూలపడిందా?"

"బండి బానే ఉంది."

"మరి?"

"ఆస్పత్రి."

ఆడిటరు చేతులు అప్పటికే సంచి అడుగు దాకా వెళ్ళాయి. రబ్బరు బ్యాండు వేసిన కట్ట ఒకటి పైకొచ్చింది. మొదటి కాగితం చూడగానే ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు.

"ఇంత బిల్లు పెట్టుకుని బెల్లంకొట్టిన రాయిలా కూర్చున్నావేంటయ్యా! ఇది రాస్తే నీ పన్ను సగానికి సగం తగ్గుతుంది."

"వద్దు సార్."

"ఏంటి వద్దు?"

"అది రాయొద్దు."

"ముప్ఫై ఏళ్ళుగా ఈ కుర్చీ అరగదీస్తున్నా. కుక్క మందుల బిల్లు కూడా రాయమని కొట్లాడినవాళ్ళని చూశా. కలిసొచ్చే డబ్బు కాలదన్నేవాణ్ణి నిన్నే చూడటం. చెప్పుకోలేని రోగమా ఏంటి?"

"తలలో రక్తం గడ్డకట్టింది."

ఆడిటరు గొంతు తగ్గించాడు. "అయ్యో. ఇప్పుడెలా ఉంది?"

"ఇప్పుడు నొప్పేం లేదు."

"అది చాలు. డిశ్చార్జి కాగితం ఒకటి పట్రా, మిగతాది నేను చూసుకుంటా."

"అది ఇవ్వలేదు సార్."

"అడిగి తెచ్చుకోవయ్యా! కాళ్ళున్నాయిగా, బండుందిగా."

డ్రైవరు ఆ కట్ట తీసుకుని సంచిలో అడుగుకి తోసేశాడు. "మొత్తం పన్ను కట్టేస్తా. తెచ్చాను."

"నీ ఖర్మ," అన్నాడు ఆడిటరు. నిజంగానే బాధపడ్డాడు. సొంత జేబులోంచి పోతున్నట్టు.

ప్రింటరు రెండుసార్లు కాగితం నమిలి మూడోసారి వదిలింది. నాలుగుచోట్ల సంతకాలు. డ్రైవరు అరచేయి ప్యాంటుకి తుడుచుకుని పెన్ను అందుకున్నాడు. మెల్లగా పెట్టాడు. ఒక్కో వంపు దగ్గర ఆగి, చూసుకుని, మళ్ళీ.

"సంతకం పెడుతున్నావా, బొమ్మ గీస్తున్నావా?"

"ఎనిమిదితో ఆపేశా సార్. పెన్ను పట్టే అలవాటు లేదు."

ఆడిటరు పర్మిట్టు కాపీ పక్కన పెట్టి సంతకాలు రెండూ పోల్చాడు. ఇంతసేపు లేనిది ఆయన నోరు ఇప్పుడే మూతపడాలా? డ్రైవరు గోడకి ఆనిన కుర్చీలో కదలకుండా కూర్చున్నాడు. కింద జిరాక్సు మిషను గురగురమంటోంది.

"పొల్లు పోలేదు," అన్నాడు ఆడిటరు. ముద్ర గుద్దాడు. డబ్బు లెక్కపెట్టుకుని, కంప్యూటర్లో ఏవో నొక్కి, రసీదు చేతిలో పెట్టాడు. "పో. పర్మిట్టుకి ఢోకా లేదు. ఆరోగ్యం జాగ్రత్త."

"అలాగే సార్."

డ్రైవరు మెట్లు దిగి బండిలో కూర్చున్నాడు. సీటు కాలిపోతోంది. ఏసీ వెయ్యలేదు. ఫోన్లో ఇంటి నుంచి ఆరు మిస్డ్ కాల్సు. ఎవరో అద్దం మీద తట్టి, "ఖాళీయేనా?" అని అడిగారు. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, ఇంటికి కలిపాడు.

మొదటి రింగు పూర్తికాకుండానే ఆవిడ ఎత్తింది. "ఏమైంది?"

"అయిపోయింది వదినా, ఇంకో ఏడాది దాకా అన్నయ్య బతికే ఉన్నాడు."